మందు కొట్టని నాలుగు సాళ్లు

దుగ్గిరాల, కొల్లిపర, తెనాలి చుట్టుపక్కల పసుపు చేలలో వినాయక చవితి దాటిందంటే ఒక మాట పదేపదే వినపడుతుంది. "ఫలానా మందు కొట్టాం, పురుగు ఆగిపోయింది." కొట్టింది నిజమే. పురుగు తగ్గిందీ నిజమే. మందు వల్లే తగ్గిందన్న సంగతి మాత్రం ఎవరూ చూడలేదు. మందు కొట్టకపోతే ఏమయ్యేదో చూపించే జాగా ఆ చేలో ఒక్క గజం కూడా మిగల్చలేదు మరి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పురుగుమందు డెమో అంటూ ఎవరు మన చేలోకి వచ్చినా, మందు కొట్టని నాలుగు సాళ్లు అదే చేలో వదలకపోతే దాన్ని పరీక్ష అని ఒప్పుకోకూడదు. దాన్ని చూసి డబ్బు పెట్టకూడదు. ఏ పంటకైనా ఇది వర్తిస్తుంది కానీ, పసుపు లాంటి దుంప పంటకు మరీ ముఖ్యం.

ముందు పురుగు సంగతి. పసుపులో మనల్ని ఎక్కువ ఏడిపించేది మొవ్వు తొలిచే పురుగు. శాస్త్రవేత్తలు కోనోగెథిస్ పంక్టిఫెరాలిస్ అంటారు. దీని తల్లి చిన్న రెక్కల పురుగు, నారింజ పసుపు రెక్కల మీద నల్ల చుక్కలు ఉంటాయి. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు కొద్ది రోజులు లేత ఆకునూ ఆకు తొడుగునూ గీకి తిని, ఆ తర్వాత కాండంలోకి దూరుతుంది. లోపలి మెత్తటి భాగం తింటూ, దూరిన కన్నం దగ్గర రంపపు పొట్టులాంటి విసర్జనను బయటికి తోస్తుంది. నడిమొవ్వు రంగు తిరిగి ఎండిపోతుంది. మనం ఎండిన మొవ్వు చూసి కంగారుపడి షాపుకు పరిగెత్తే సమయానికి పురుగు లోపల హాయిగా ఉంటుంది. పైన పడిన మందు చాలావరకు దానికి తగలదు. మందు పని చేసే అవకాశం ఎక్కువగా పిల్ల పురుగు బయట తిరిగే ఆ కొద్ది రోజుల్లోనే. కోళికోడ్‌లోని భారతీయ సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ ఎంతో కాలంగా జులై నుంచి అక్టోబరు దాకా 21 రోజులకోసారి 0.1 శాతం మలాథియాన్ కొట్టమని చెబుతోంది. ఇన్నాళ్ల తేడాతో పదేపదే కొట్టమనడానికి కారణం కూడా ఇదే. ఒక విడత పిల్లలు తప్పించుకున్నా తర్వాతి విడత దొరకాలి. దాంతోపాటు కొత్తగా పురుగు పట్టిన పిలకలను కోసి నాశనం చేయమని కూడా వాళ్లే చెబుతారు. ఆ రెండో సలహా ఏ షాపులోనూ వినపడదు, ఎందుకంటే అందులో అమ్మడానికి సీసా లేదు.

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. ఆముదం కాయ తొలిచే పురుగు, అల్లం పసుపు మొవ్వు తొలిచే పురుగు, ఏలకుల కాండం తొలిచే పురుగు అన్నీ ఒకటేనని చాలా కాలం అనుకున్నారు. 2018లో మన దేశ కీటక శాస్త్రవేత్తలు ఏలకుల మీద పెరిగే దాన్ని వేరే జాతిగా గుర్తించి కొత్త పేరు పెట్టారు. చూడ్డానికి దాదాపు ఒకేలా ఉండే పురుగుల్లోనే ఇంత తేడా ఉంటే, "ఆముదంలో అద్భుతంగా పని చేసిందండీ, పసుపులోనూ చేస్తుంది" అనే మాటను ఎంతవరకు నమ్మాలి? పసుపులో పని చేస్తుందో లేదో పసుపులోనే తేలాలి.

దుగ్గిరాల దగ్గర మా బాబాయి చేలో మొన్న ఒక కంపెనీ వాళ్లు డెమో పెట్టారు. రోడ్డు పక్కన ఫ్లెక్సీ కట్టారు. చేను మొత్తం వాళ్లే ఉచితంగా మందు కొట్టించారు. తర్వాత ఫీల్డ్ డే అని షామియానా వేసి, టోపీలు పంచి, చుట్టుపక్కల రైతుల్ని పిలిచారు. తెల్ల కాగితం మీద చచ్చిన పురుగుల్ని వరసగా పేర్చారు. వచ్చిన వాళ్లకు పక్క రైతు చేను చూపించి, "అది చూడండి, ఇది చూడండి" అన్నారు. పక్క చేను దిగువన ఉంది, వాన పడితే నీళ్లు నిలుస్తాయి. దాన్ని నాటింది వేరే రోజుల్లో, వేరే చోటి విత్తనంతో. పైగా ఆ పసుపు మధ్యలో మొక్కజొన్న కూడా ఉంది. ఈ రెండు చేల మధ్య ఉన్న తేడాల్లో మందు ఎన్నో వంతు?

డెమో చూసుకుంటున్న కుర్రాణ్ణి పక్కకు పిలిచి అడిగాను, పోల్చి చూడ్డానికి మందు కొట్టకుండా వదిలే మడి, అదే చెక్ ప్లాట్, ఏదీ అని. "సార్, చెక్ ప్లాట్ అంటే రైతులు ఒప్పుకోరండీ. పైగా మాకు టార్గెట్ ఎకరాల్లో ఉంటుంది, వదిలిన సాళ్లు లెక్కలోకి రావు" అన్నాడు. ఆ అబ్బాయి అగ్రికల్చర్ డిప్లొమా చదివినవాడు. చెక్ ప్లాట్ ఎందుకో అతనికి నాకంటే బాగా తెలుసు. అతని మీద నాకు కోపం లేదు. అతన్ని ఎకరాల లెక్కతో కొలిచే పద్ధతి మీదే ఉంది.

పక్కన వదిలిన సాళ్లు ఏం చెబుతాయో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఇవి ఊహించుకున్న అంకెలు, ఏ చేలోవీ కావు. మందు కొట్టే ముందు కొన్ని పిలకలు కోసి చీలిస్తే అందులో 12 బతికున్న పురుగులు కనిపించాయి. మందు కొట్టిన తర్వాత అన్నే పిలకలు కోసి చూస్తే 4 ఉన్నాయి. మూడింట రెండు వంతులు పోయాయి, అంటే 67 శాతం. ఫ్లెక్సీ మీద ఈ అంకె ఎక్కుతుంది. కానీ అదే చేలో మందు కొట్టని సాళ్లలో కూడా పన్నెండు కాస్తా ఆరైతే? పెద్ద వాన పడి ఉండొచ్చు, కొన్ని పురుగులు కోశస్థ దశకు వెళ్లిపోయి ఉండొచ్చు, వాటిని తినే చిన్న కందిరీగలు పని చేసి ఉండొచ్చు. మందు లేకపోయినా పన్నెండుకు ఆరే మిగిలేవి. మందు ఉన్న చోట నాలుగు మిగిలాయి. అంటే మందు ఘనత ఆరు నాలుగు కావడం, 33 శాతం. అదే మందు, అదే చేను, సగం ఫలితం. ఈ లెక్క నేను కనిపెట్టింది కాదు. పరీక్షలో సహజంగా చచ్చిన పురుగుల్ని తీసేసి లెక్కించే సూత్రాన్ని అబాట్ అనే శాస్త్రవేత్త 1925లోనే ఇచ్చాడు. మందుకు ముందు, తర్వాత, కొట్టిన చోట, కొట్టని చోట అన్న నాలుగు అంకెలతో లెక్క కట్టే పద్ధతిని హెండర్సన్, టిల్టన్ 1955లో రాశారు. ఇప్పటికీ చాలా పురుగుమందు పరీక్షల్లో ఈ రెండింటిలో ఒకటి వాడుతూనే ఉంటారు. రెండింటికీ కావలసింది మందు కొట్టని మడి. అది లేకపోతే సూత్రంలో ఒక గడి ఖాళీగా ఉండిపోతుంది, లెక్క ముందుకు కదలదు.

మన దగ్గర పురుగు తగ్గే కాలం కూడా మందుకు కలిసొస్తుంది. ఈ పురుగు ఉధృతి సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎక్కువ. చలి మొదలయ్యాక మెల్లగా దిగుతుంది. ఉధృతి శిఖరానికి చేరిన వారంలోనే మనం భయపడి మందు కొడతాం. ఆ తర్వాత ఏం కొట్టినా తగ్గినట్టే కనిపిస్తుంది. పసుపు మొక్కకు పిలకలు వేసే గుణం కూడా ఉంది, కాబట్టి ఒక మొవ్వు ఎండినా పక్కనుంచి ఇంకోటి వస్తుంది. మూడు వారాల తర్వాత చేను పచ్చగా కనపడితే ఆ పేరు మందుకు పోతుంది.

సరే, నాలుగు సాళ్లు వదిలామనుకుందాం. ఏవి వదలాలి? ఇది చిన్న ప్రశ్న కాదు. కాలవ వైపు సాళ్లు వదిలితే అక్కడ తేమ ఎక్కువ, పైరు లేతగా ఉంటుంది, పురుగు అటే ఎక్కువ వాలుతుంది. మందు కొట్టిన వైపు గొప్పగా కనిపిస్తుంది. గట్టు వైపు వదిలితే ఫలితం తిరగబడొచ్చు. మనిషి చేత్తో ఏరితే తెలియకుండానే తనకు కావలసిన వైపు మొగ్గుతాడు. అందుకే ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన పొలాల్లో పని చేసిన గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1920లలో చెప్పిన మాట ఏమిటంటే, ఏ మడికి మందు, ఏ మడికి లేదు అన్నది చీటీ తీసి తేల్చాలి, పైగా ఒక్కచోట కాదు, చేలో మూడు నాలుగు చోట్ల అదే పోలిక మళ్లీ మళ్లీ పెట్టాలి. యూనివర్సిటీ పొలాల్లో ఇప్పటికీ అలాగే చేస్తారు. చేనును అడ్డంగా నాలుగు పట్టీలు చేసి, ప్రతి పట్టీలో అన్ని మందులూ, ఒక ఖాళీ మడీ ఉండేలా చీటీలు వేస్తారు. గుంటూరు పక్కన లాం ఫారం చూసినవాళ్లకు ఈ మడులూ, వాటి ముందు గుచ్చిన చిన్న బోర్డులూ తెలిసే ఉంటాయి.

ఈ విద్య మనకు పరాయిది కూడా కాదు. ఇలాంటి ప్రయోగాలు తక్కువ మడులతో ఎక్కువ సంగతులు తేల్చేలా ఎలా పేర్చాలో చెప్పే ఆర్థోగొనల్ అరేలను 1940లలో ప్రపంచానికి ఇచ్చింది గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు. నూజివీడు, నందిగామ బడుల్లో చదువుకుని, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చేసి, కలకత్తా వెళ్లి ఆ పని చేశారు. 2023లో 102 ఏళ్ల వయసులో పోయారు. నందిగామకూ దుగ్గిరాలకూ మధ్య దూరం ఎంత? ఆయన ఆలోచన ప్రపంచంలోని ఫ్యాక్టరీలకూ ప్రయోగశాలలకూ చేరింది. ఆయన చదువుకున్న ఊళ్ల పక్క చేలలో మాత్రం ఇంకా పక్క రైతు చేను చూపించి మందు అమ్ముతున్నారు. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది.

ఎప్పుడు లెక్కపెట్టాలన్నది ఇంకో గొడవ. పాత మందులు పడగానే పురుగు గిలగిలా కొట్టుకుని చచ్చేది, రైతుకు అదే నచ్చేది. కొత్తగా వచ్చిన క్లోరాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండయమైడ్ లాంటివి పురుగు కండరాల మీద పని చేస్తాయి. కొన్ని గంటల్లోనే పురుగు తినడం మానేస్తుంది కానీ చావడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. నోవాల్యూరాన్ లాంటివి పురుగు కుబుసం విడిచే సమయంలో దెబ్బ తీస్తాయి, అప్పటిదాకా పురుగు కదులుతూనే ఉంటుంది. మర్నాడే వెళ్లి చూసి "పని చెయ్యలా" అని ఇంకో మందు తెచ్చి కొట్టేవాళ్లను ఎంతమందిని చూశానో. రెండు మందుల ఖర్చు, పేరు రెండోదానికి. అందుకే పరీక్షల్లో మూడో రోజు, ఏడో రోజు, పదో రోజు, పద్నాలుగో రోజు అని పెట్టుకుని లెక్కిస్తారు. కాండం తొలిచే పురుగుకు కాగితం మీద పేర్చిన శవాల కంటే, ఆ వారంలో కొత్తగా ఎండిన మొవ్వులు ఎన్ని అన్నదే నమ్మదగిన లెక్క. పాత ఎండు మొవ్వులకు రంగు దారం కట్టి గుర్తు పెట్టుకుంటే కొత్తవి తేలిగ్గా తెలుస్తాయి. దీనికి డిగ్రీ అక్కర్లేదు.

ఇప్పుడు దుంప పంట సంగతి. టమాటాలోనో బెండలోనో పురుగు తినేది మనం అమ్ముకునే కాయనే. ఎన్ని కాయలు పుచ్చాయో లెక్కపెడితే నష్టం తెలిసిపోతుంది. పసుపులో పురుగు తినేది నేల పైన, మనం అమ్మేది నేల లోపల. మొవ్వు ఎండిందని కొమ్ము తగ్గిందని అర్థం కాదు. పిలకలు వేసే వయసులో పట్టిన పురుగుకూ, దుంప ఊరే దశలో పట్టిన పురుగుకూ, ఆకు మాగే ముందు పట్టిన పురుగుకూ నష్టం ఒకటి కాదు. మొదటి దశలో మొక్క సర్దుకుంటుంది. చివరి దశలో దుంప ఎటూ తయారై ఉంటుంది. మధ్యలోనే అసలు దెబ్బ. కాబట్టి ఫీల్డ్ డే సెప్టెంబరులో పెడితే చాలదు, సంక్రాంతి తర్వాత పసుపు తవ్వే రోజున పెట్టాలి. మందు కొట్టిన సాళ్ల దుంప ఒక కుప్ప, కొట్టని సాళ్ల దుంప ఒక కుప్ప, కాటా మధ్యలో. కొమ్ము ఎంత, కాయ (తల్లి దుంప) ఎంత, ఉడికించి ఎండబెట్టాక ఎంత తేలింది. సుమారు ఐదు కిలోల పచ్చి పసుపు ఎండితే కిలో అవుతుంది, కాబట్టి పచ్చి మీద కనిపించే చిన్న తేడా మార్కెట్ యార్డుకు వెళ్లేసరికి ఇంకా చిన్నదవుతుంది. ఆ తేడాను దుగ్గిరాల యార్డు ధరతో గుణించి, మందు ఖర్చూ కూలీ ఖర్చూ తీసేసి, ఏమైనా మిగిలిందా? నాకు తెలిసి ఏ కంపెనీ డెమో కూడా తవ్వకం దాకా మా వైపు ఆగలేదు. మొవ్వులు పచ్చగా ఉండగానే షామియానా విప్పేస్తారు.

ట్యాంకులో ఏం కలిపారన్నది కూడా అడగాలి. బాబాయి చేలో ఆ మందుతోపాటు 19-19-19 ఎరువు కలిపారు, సూక్ష్మపోషకాల ప్యాకెట్ ఒకటి కలిపారు, ఏదో టానిక్ కూడా. చేను నిగనిగలాడింది. ఎందుకు నిగనిగలాడిందో ఎవరు చెప్పగలరు? కొట్టని సాళ్లకు కూడా పురుగుమందు ఒక్కటి తప్ప మిగతావన్నీ కొట్టాలి, అప్పుడే తేడా పురుగుమందుది అవుతుంది. నీళ్లు ఎన్ని పోశారన్నదీ లెక్కే. పవర్ స్ప్రేయరుతో ఎకరానికి 150 నుంచి 200 లీటర్లు పోసే చోట డ్రోన్ సుమారు పది లీటర్లతో పని ముగిస్తుంది. నాకు డ్రోన్ మీద వ్యతిరేకత లేదు, మందు కొట్టే కూలీల ఒంటి మీద పడే మందు అంతమేరకు తగ్గుతుంది. కానీ గుండెల ఎత్తు పెరిగిన పసుపులో మొవ్వు లోపలికి ఆ పది లీటర్లు దిగుతాయా? అది కూడా నాలుగు సాళ్లు పక్కన పెట్టి తేల్చాల్సిందే.

అసలు పరీక్ష సరిగ్గా జరిగినా, అది మనం అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది. ఈ పాఠం గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులు చాలా ఖరీదు పెట్టి నేర్చుకున్నారు. 1980ల మొదట్లో పైరెత్రాయిడ్ మందులు వచ్చాయి. కాయ తొలిచే పురుగు మీద పని చేశాయి, అందులో అబద్ధం లేదు. అయితే వాటిని విచ్చలవిడిగా వాడిన చేలలో మిత్ర పురుగులు పోయాయి, తెల్లదోమ పెరిగింది, ఆ తర్వాత కాయతొలుచు పురుగు కూడా మందుకు లొంగడం మానేసింది. 1987-88లో ఈ రెండు జిల్లాల పత్తి రైతులు అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్నారు. "పురుగు చచ్చిందా?" అని మాత్రమే అడిగితే ఆ మందులు పాసయ్యాయి. "ఇంకేం చచ్చింది? దాని బదులు ఏం పెరిగింది?" అని అడిగి ఉంటే ఫలితం ఇంకోలా ఉండేది. కొత్త మందులకూ ఇదే గతి పట్టదని ఎవరూ హామీ ఇవ్వలేరు. క్లోరాంట్రానిలిప్రోల్ జాతి మందులు వచ్చిన కొన్నేళ్లకే ఫిలిప్పీన్స్, థాయ్‌లాండ్ క్యాబేజీ తోటల్లో డైమండ్ బ్యాక్ మాత్ అనే పురుగు వాటికి లొంగకుండా పోయింది. నాలుగు సాళ్లు ప్రతి ఏడూ వదిలే రైతుకు ఒక లాభం ఉంది. పోయినేడు కొట్టిన సాళ్లకూ కొట్టని సాళ్లకూ ఉన్న తేడా ఈ ఏడు తగ్గితే, మందు మొద్దుబారుతోందని అందరికంటే ముందు అతనికే తెలుస్తుంది.

2021-22లో మిర్చిని నల్ల తామర పురుగు ముంచెత్తినప్పుడు మా బంధువులు ఒక్కొక్కరు ఎన్ని రకాల మందులు కొట్టారో వాళ్లకే గుర్తులేదు. ఏది పని చేసిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెప్పారు. అంత డబ్బు పోసి, చివరికి వచ్చే ఏటికి పనికొచ్చే ఒక్క సంగతి కూడా చేతికి రాలేదు. నన్ను ఈ వ్యాసం రాయించింది ముఖ్యంగా ఆ ఏడాదే.

అభ్యంతరాలు లేవని కాదు. మా బాబాయితో ఈ మాట చెబితే, "ఒరేయ్ అబ్బాయ్, పురుగు పట్టిన పైరును చూస్తూ ఊరుకోమంటావా? ఆ నాలుగు సాళ్ల పురుగు మిగతా చేలోకి రాదా?" అన్నాడు. రెండు ప్రశ్నలూ న్యాయమైనవే. రెక్కల పురుగు ఎగురుతుంది, మన నాలుగు సాళ్లు లేకపోయినా పక్క ఊరి చేలోంచి వస్తుంది. నాలుగు సాళ్లను కొట్టకుండా వదిలినంత మాత్రాన పురుగుకు పుట్టిల్లు కట్టినట్టు కాదు. అంతగా భయముంటే ఆ సాళ్లలో పురుగు పట్టిన పిలకల్ని వారం వారం లెక్కపెట్టి కోసేయొచ్చు, కాకపోతే మందు కొట్టిన వాటిలోనూ అలాగే కోయాలి, అప్పుడే పోలిక నిలుస్తుంది.

నష్టం మాట మాత్రం కాదనలేను. సొంత పొలం ఉన్న మా బాబాయికి నాలుగు సాళ్ల దుంప పోయినా గడుస్తుంది. కౌలు రైతుకు అలా కాదు, అతనికి ప్రతి బోదె మీదా కౌలు ఉంది. కాబట్టి ఆ నష్టం రైతు మీద పడకూడదు. మందు అమ్ముకునేవాళ్లకు తమ మందు మీద నమ్మకం ఉంటే, వదిలిన సాళ్లలో తగ్గిన దిగుబడికి యార్డు ధర కట్టి ఇవ్వాలి. షామియానాకూ బిర్యానీలకూ పెట్టే ఖర్చు కంటే అది ఎక్కువ కాదు. కంపెనీలు ఒప్పుకోకపోతే రైతు సేవా కేంద్రాల్లోని ఉద్యాన సహాయకులు ఊరికి ఒక్క చేలో ఈ పని చేయించొచ్చు. ఒక మండలంలో పది ఊళ్లు చేస్తే పది చోట్ల మళ్లీ మళ్లీ చేసిన ప్రయోగం అవుతుంది. అప్పుడు ఏ ఒక్క చేను లోపమూ మొత్తం ఫలితాన్ని పాడు చేయలేదు.

ఇంకో అభ్యంతరం చదువుకున్నవాళ్ల నుంచి వస్తుంది. పరీక్షలన్నీ ప్రభుత్వం ముందే చేయించి రిజిస్ట్రేషన్ ఇస్తుంది కదా, మళ్లీ రైతు చేయడమేమిటి అని. 1968 నాటి పురుగుమందుల చట్టం కింద ఒక మందును ఏ పంట మీద, ఏ పురుగు మీద, ఎంత మోతాదులో వాడొచ్చో రిజిస్ట్రేషన్ కమిటీ తేలుస్తుంది, అది లేబుల్ మీద ఉంటుంది. మన షాపుల్లో పసుపు కోసం ఇచ్చే సీసాల లేబుళ్లు ఒకసారి తిప్పి చదవండి. వరి, పత్తి, మిర్చి, క్యాబేజీ కనిపిస్తాయి. పసుపు చాలాసార్లు కనిపించదు. అంటే ఆ సీసాకు మన పంట మీద జరిగిన పరీక్ష లేబుల్ దాకా రాలేదు. మోతాదు షాపాయన నోటి మాట, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో కూడా నోటి మాటే. ఎండబెట్టి, ఎగుమతి చేసి, ప్రతి కూరలో వేసుకునే దినుసుకు ఇది చిన్న విషయం కాదు.

ఈ ఏడాది నాటు అయ్యాక బాబాయితో మళ్లీ మాట్లాడాను. కంపెనీ వాళ్లు మళ్లీ వస్తే, తవ్వకం దాకా ఉంటామని, వదిలిన సాళ్ల నష్టం కడతామని కాగితం మీద రాసిస్తేనే చేలోకి రానిస్తానన్నాడు. రాకపోయినా తానే నాలుగు సాళ్లు వదులుతానన్నాడు, అయితే కాలవ వైపువి మాత్రం కాదట, అవి బాగా పండే సాళ్లట. కాలవ వైపువి తీసేస్తే పరీక్ష మళ్లీ ఒక పక్కకు ఒరుగుతుందని చెప్పాను. చాలాసేపు వాదించుకున్నాం. చివరికి చేను పొడవునా నాలుగు పట్టీలు చేసి, పట్టీకి ఒక సాలు చొప్పున చీటీ తీయడానికి ఒప్పుకున్నాడు. చీటీలు మాత్రం పిన్నే తీయాలన్నాడు, మా ఇద్దరిలో ఎవరు తీసినా రెండోవాడు నమ్మడని.